మూడు ఆస్పత్రులు దాటించాను



పోయిన ఆదివారం మీటింగులో గుండె పరీక్షల క్యాంపు పెడదామని మాట వచ్చినప్పుడు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను, నోరు రాలేదు, మళ్ళీ కూర్చున్నాను. బీపీ ఏమైనా ఎక్కిందేమో అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. బీపీ కాదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

మాది పావగడ తాలూకా నాగలమడికె హోబళిలో ఒక చిన్న ఊరు. పావగడ టౌనుకు 18 కిలోమీటర్లు. మన తాలూకా సంగతి మీకు కొత్తగా చెప్పాలా? పేరుకు తుమకూరు జిల్లా, చుట్టూ చూస్తే ఆంధ్ర. జిల్లా కేంద్రానికి పోవాలంటే 100 కిలోమీటర్లు. పెనుకొండ, హిందూపురం అంతకంటే చాలా దగ్గర. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పిల్లనిచ్చేది, తెచ్చుకునేది మడకశిర, కళ్యాణదుర్గం వైపు. బతకడానికి పోయేది మాత్రం బెంగుళూరు. నేనూ అట్లనే 1996లో బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగినవాణ్ణే.

మా నాయన చిన్నప్పుడే పోయాడు. నన్ను చదివించింది మా చిన్నాయన. నాలుగెకరాల్లో శెనక్కాయ వేసి, వాన రాని ఏడు అప్పు చేసి, నాకు తుమకూరులో హాస్టల్ ఫీజు కట్టినాయన. తర్వాత సోలార్ పార్కు వచ్చినప్పుడు రెండెకరాలు లీజుకు ఇచ్చి, మిగతా రెండెకరాలు తానే చేసుకునేవాడు. మనిషి సన్నం, గట్టి. బీడీ మాత్రం మానలేదు. షుగర్ ఉందని తెలిసినా మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునే రకం.

2018 శ్రావణంలో ఒక శనివారం. శ్రావణ శనివారాలంటే పావగడ శనిమహాత్మ గుడి దగ్గర ఎంత జనమో మీకు తెలుసు. చిన్నాయన, చిన్నమ్మ పొద్దున్నే పోయి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరారు. రాత్రి ముద్ద తిని పడుకోబోతుంటే, తొమ్మిదిన్నర దాటాక, ఆయనకు ఎదలో ఏదో పట్టినట్టయింది.

"గ్యాస్టిక్కు లేయే, పొద్దంతా తిండి సరిగా లేదు కదా" అన్నాడంట.

చిన్నమ్మ వాము నమిలించింది. పక్కింటివాళ్ళు సోడా తెచ్చారు. వీపు నిమిరారు. చెమటలు పోస్తుంటే ఫ్యాన్ ముందు కూర్చోబెట్టారు. పదకొండుకు ఊళ్ళో సూదులు వేసే ఆయన్ను లేపుకొచ్చారు. ఆయన గ్యాస్ సూది ఒకటి వేసి, పొద్దున్నేకి తగ్గుతాదిలే అని పోయాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. అర్ధరాత్రి లేచి వచ్చిన మనిషి ఆ ఊళ్ళో ఆయనొక్కడే.

పన్నెండుంబావుకు మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నాయనకు ఎద మీద బండ పెట్టినట్టు ఉండాదంట. ఎడమ చెయ్యి గుంజుతా ఉండాదంటాడు. పావగడకు తీసకపోదామని టెంపో మాట్లాడినా. ఏం చేయమంటావు?"

మళ్ళీ చదవండి. టెంపో మాట్లాడాడు. బండి సిద్ధంగా ఉంది. వాడు చేయాల్సింది వాడు సరిగ్గానే చేశాడు. పది నిమిషాల్లో బయల్దేరి ఉంటే ఒంటిగంట లోపల పావగడ గవర్నమెంటు ఆస్పత్రిలో ఉండేవాళ్ళు.

నేనేమన్నానో తెలుసా? "పావగడలో ఏముందిరా? ఆ ఆస్పత్రిలో రాత్రిపూట ఎవరుంటారు? అక్కడ టైం వేస్ట్ చేయొద్దు. మంచి కారు చూసుకుని నేరుగా బెంగుళూరుకు వచ్చేయండి. ఇక్కడ నేనుండాను కదా."

"నేనుండాను కదా." ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత ధైర్యమో. ఊరినుంచి వచ్చి నిలదొక్కుకున్నవాడి ధైర్యం. అందరికీ దారి చెప్పేవాడి ధైర్యం.

టెంపో వాణ్ణి పంపించేశారు. మంచి కారు దొరికేసరికి రెండయింది. పావగడ టౌను దాటారు. మధుగిరి కొండ పక్కనుంచి పోయారు. కొరటగెరె దాటారు. దాబస్‌పేట దగ్గర హైవే ఎక్కారు. పొద్దున ఐదున్నర దాటాక బెంగుళూరులో ఒక పెద్ద గుండె ఆస్పత్రి గేటు దగ్గర కారు ఆగింది. నేను అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాను, పర్సు నిండా డబ్బుతో.

పావగడ, మధుగిరి, కొరటగెరె. మూడూ తాలూకా కేంద్రాలు. మూడు చోట్లా గవర్నమెంటు ఆస్పత్రి ఉంది. మూడు ఆస్పత్రుల ముందునుంచి గుండెపోటు మనిషిని దాటించి తెప్పించుకున్నాను.

ఈసీజీ తీసిన చిన్న డాక్టరు, ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, కాగితం చూసి మొదట అడిగిన ప్రశ్న, "నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది?" రాత్రి తొమ్మిదిన్నర, పది అని చెప్పాడు తమ్ముడు. ఆ అమ్మాయి గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. అప్పటికి ఎనిమిది గంటలు. "దారిలో ఎక్కడా చూపించలేదా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే. ఎవరం జవాబు చెప్పలేదు.

యాంజియో చేశారు, స్టెంట్ వేశారు. ప్రాణం నిలబడింది. మూడో రోజు పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి ఒక కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పారు. గుండె కండకు రక్తం తెచ్చే నాళం ఒకటి గడ్డతో మూసుకుపోతే, ఆ వెనకనున్న కండ అరగంటలోపే చావడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ చావు పాకుతుంది. మొదటి ఒకటి రెండు గంటల్లో నాళం తెరిస్తే చాలా కండ మిగులుతుంది. ఆరు గంటలు దాటితే మిగిలేది తక్కువ. చచ్చిన కండ మళ్ళీ పుట్టదు. మీ చిన్నాయనకు గుండె కొట్టే బలం 30 శాతమే ఉంది, మామూలుగా 55 పైన ఉండాలి అన్నారు.

"మీ ఊరినుంచి ఇక్కడికి మూడున్నర గంటలు. అంత దూరంలో ఉన్నవాళ్ళు యాంజియోప్లాస్టీ కోసం ఇంతదూరం రాకూడదు. ముందు దగ్గర్లో ఈసీజీ తీయించి, గడ్డ కరిగే ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాత రావాలి. తుమకూరులోనైనా ఆ ఇంజెక్షన్ పడి ఉంటే ఈ కండలో కొంత మిగిలేది" అన్నారు.

నేను తల ఊపాను. బయటికొచ్చి తమ్ముడికి మాత్రం, "ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేదంట" అని చెప్పాను. అంతే చెప్పాను. ముందు రావడం కాదు, అసలు ఇంతదూరం నేరుగా రాకూడదని చెప్పలేదు. నేను చెప్పిన దారే తప్పని చెప్పలేదు.

అసలు తప్పు ఇక్కడినుంచి మొదలైంది.

చిన్నాయన ఊరికి పోయాక రచ్చకట్ట మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడంట: "మావోడు బెంగుళూరులో ఉండబట్టి బతికినా. పావగడకు పోయింటే ఆ రాత్రే పోయేవాణ్ణి." నాకు ఫోన్‌లో కూడా అదే మాట. "నీ పుణ్యమప్పా" అనేవాడు. ఆయన ఆ మాటన్న ప్రతిసారీ నాకు ఆ డాక్టరు గీసిన గుండె బొమ్మ గుర్తొచ్చేది. "కాదు చిన్నాయనా" అని ఒక్కసారి కూడా అనలేకపోయాను. చేనికి నడిచి పోతే రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చేది ఆయనకు. శెనక్కాయ మూట కాదు కదా, నీళ్ళ బిందె ఎత్తలేకపోయేవాడు. రెండున్నరేళ్ళు అట్ల బతికి, 2021లో శివరాత్రికి ముందు నిద్రలోనే పోయాడు.

ఆయన పోయిన మరుసటి ఏడు, మా వీధిలోనే, ఆయన కంటే చిన్నవాడు, యాభై కూడా నిండలేదు, నన్ను మామా అని పిలిచేవాడు, రాత్రి ఎదనొప్పితో లేచాడు. వాళ్ళ ఇంట్లో ఎవరూ తడబడలేదు. ఏం చేయాలో వాళ్ళకు తెలుసు. ఊరందరికీ తెలుసు. నేరుగా కారు మాట్లాడి బెంగుళూరు దారి పట్టారు. పావగడలో ఆగలేదు. మధుగిరి చేరకముందే కారులోనే పోయాడు.

కర్మకు పోయినప్పుడు వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ చిన్నాయన మాదిరే నీ దగ్గరికే తీసుకొస్తా ఉండిరి నాయనా, దారిలోనే ఇట్లయిపాయె" అంది.

అందుకే మొన్న మీటింగులో నోరు రాలేదు. నా మాట ఒక మనిషి గుండెను సగం చంపింది, సరే, తెలియక చేశాననుకోవచ్చు. కానీ తెలిసిన తర్వాత కూడా నోరు మూసుకున్నందుకు ఆ తప్పు ఊరికే పాఠమైపోయింది. ఆ అబ్బాయి దగ్గర్లో ఆగి ఉంటే బతికేవాడా అంటే, ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఆగకపోవడానికి కారణం నేను. అది మాత్రం ఖాయం.

ఇక రెండో కథ. ఇది మీలో కొందరికి తెలుసు, పేరు అవసరం లేదు.

లగ్గెరెలో ఉండే మనవాడొకడు, హోటల్లో క్యాషియర్. ఒక సాయంత్రం కౌంటర్ దగ్గరే ఎద బరువుగా, చెమటలుగా అయింది. బెంగుళూరు నగరం. నాలుగు కిలోమీటర్లలో ఎటు చూసినా ఆస్పత్రే. ఈ మనిషి ఏం చేశాడు? ఓనరుకు చెప్పి, మెజెస్టిక్ వెళ్ళి, పావగడ బస్సెక్కాడు. నాలుగు గంటలు కూర్చుని ఊరు చేరాడు. అదృష్టం బాగుండి బతికాడు. అక్కడ ఇంట్లోవాళ్ళు మరుసటి రోజు అనంతపురం తీసుకెళ్ళారు.

నేను కోప్పడ్డాను. "నీకు బుద్ధుందా? ఆస్పత్రుల మధ్య కూర్చుని బస్సెక్కుతావా?" అన్నాను. ఆయన నెమ్మదిగా అన్నాడు: "అన్నా, రూములో నేనొక్కణ్ణే. ఆస్పత్రిలో చేరితే సంతకం పెట్టేదెవరు? పక్కన కూర్చునేదెవరు? ఏదన్నా అయితే ఊరికి తీసకపోయేదెవరు? ఊరికి పోతే మనవాళ్ళుంటారు కదా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే రెండు కథలూ ఒకటే. ఊళ్ళో నొప్పి వచ్చినాయన బెంగుళూరుకు పరుగెత్తాడు. బెంగుళూరులో నొప్పి వచ్చినవాడు ఊరికి పరుగెత్తాడు. ఇద్దరూ దగ్గరున్న ఆస్పత్రిని వదిలేశారు. ఇద్దరూ పోయింది మనవాళ్ళున్న చోటికి.

మనకు తెలివి లేక ఆలస్యం కావడంలేదు. గుండెపోటంటే ఏమిటో తెలియనివాళ్ళు ఇప్పుడు ఎవరున్నారు? నొప్పి వస్తే మనిషి దగ్గరి ఆస్పత్రికి పోడు, దగ్గరి మనుషుల దగ్గరికి పోతాడు. బతుకుతెరువు కోసం చెల్లాచెదురైన మనలాంటివాళ్ళకు ఆ రెండూ ఒకచోట ఉండవు. మన ఆలస్యమంతా ఆ రెంటి మధ్య దూరమే.

ఇది మన ఒక్కరి జబ్బు కాదని తర్వాత తెలిసింది. 2008లో లాన్సెట్ పత్రికలో క్రియేట్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. మన దేశంలో 50 నగరాల్లో, 89 ఆస్పత్రుల్లో, 20,468 మంది గుండె రోగులను చూసి రాసింది. నొప్పి మొదలైనప్పటినుంచి ఆస్పత్రి చేరడానికి పట్టిన సమయం సగటున, అంటే వరసలో మధ్యనున్న మనిషికి, 360 నిమిషాలు. ఆరు గంటలు! ఆస్పత్రిలోకి వచ్చాక గడ్డ కరిగే మందు పడటానికి పట్టింది 50 నిమిషాలే. అంటే పోయిన కాలమంతా ఆస్పత్రి బయటే పోయింది. ఇంట్లో, ఫోన్లలో, దారిలో. పేదవాళ్ళకు సరైన వైద్యం తక్కువ అందిందని, వాళ్ళే ఎక్కువమంది చనిపోయారని కూడా అందులోనే ఉంది.

ఇంకో సంగతి. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం ప్రకారం మన దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చే మధ్య వయసు 53. మిగతా దేశాలవాళ్ళకు దాదాపు 59. మనకు ఆరేళ్ళు ముందే వస్తుంది. అంటే పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు ఇంకా అయి ఉండవు. పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్ 29న పోయినప్పుడు ఆయనకు 46 ఏళ్ళు. ఆ వారం మనమందరం ఈసీజీలు తీయించుకున్నాం. నెల తిరిగేసరికి మరిచిపోయాం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా ఈ విషయంలో మన పిల్లలే. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడి ఇంటికి వాళ్ళ అత్తామామలు చూడ్డానికి పోయారు. ఒక రాత్రి ఆ పెద్దాయనకు ఎదలో బిగబట్టింది. అల్లుడు 911కి ఫోన్ చేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "బిల్లు ఎంతవుతుందో ఏమో, నాకు ఇంగ్లీషు రాదు, తెల్లారనీ" అని. ఆ పిల్లవాడు చేసిన మొదటి ఫోన్ ఎవరికి? నాకు! డాక్టరు కూడా కాదు నేను. ఈసారి మాత్రం నేను నేర్చుకున్న మాటే అన్నాను: "ఫోన్ పెట్టేసి 911కి చెయ్." చేశాడు. పెద్దాయన ఇప్పుడు మడకశిరలో మనవరాలిని ఆడిస్తున్నాడు. తర్వాత తెలుసుకున్నది, మీ పిల్లలకూ చెప్పండి: అక్కడ 1986 నుంచి చట్టముంది. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి డబ్బు, ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా ముందు పరీక్షచేసి ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే, పెద్దదే వస్తుంది. కానీ బిల్లు కట్టడానికి మనిషి ఉండాలి కదా. భాష రాకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని, తెలుగు అని చెప్తే చాలు, ఏర్పాటు చేస్తారు.

భాష అంటే గుర్తొచ్చింది. మనకూ ఇక్కడ చిన్న చిక్కుంది. మన పెద్దవాళ్ళు "ఎదలో మంట" అంటారు. దాన్ని మనం కన్నడంలో "ఎదె ఉరి" అని చెప్తాం. ఎదె ఉరి అంటే అక్కడ అసిడిటీ. ఒక మాత్ర రాసి పంపించే ప్రమాదముంది. మా చిన్నాయన "బండ పెట్టినట్టు ఉంది" అన్నాడు. అది సరైన మాట. ఆ మాటనే చెప్పాలి. బరువుగా ఉందా, బిగబట్టిందా, చేతికి, దవడకు, వీపుకు పాకుతోందా, చెమట పడుతోందా, ఊపిరి ఆడటంలేదా, ఇవన్నీ విడివిడిగా చెప్పాలి. ఆడవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు కొన్నిసార్లు నొప్పే ఉండదు. ఊరికే ఆయాసం, వాంతి, ఎన్నడూ లేనంత నీరసం. మన అమ్మలు అది కూడా చెప్పరు. వంట అయ్యేదాకా అసలే చెప్పరు.

ఇప్పుడు కాలం మారింది, అది కూడా తెలుసుకోవాలి. 2023లో కర్ణాటక ప్రభుత్వం పునీత్ పేరుమీదే హృదయజ్యోతి పథకం మొదలుపెట్టింది. తాలూకా, జిల్లా ఆస్పత్రుల్లో ఈసీజీ తీసి, దాన్ని జయదేవ లాంటి పెద్ద ఆస్పత్రుల నిపుణులకు పంపిస్తారు. గుండెపోటే అని వాళ్ళు చెబితే అక్కడికక్కడే గడ్డ కరిగే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా వేస్తారు. బయట కొంటే వేలకు వేలు. తర్వాత పెద్ద ఆస్పత్రికి పంపిస్తారు. ఆంధ్రలో కూడా ఇట్లాంటి కార్యక్రమమే అదే ఏడు మొదలైంది. కాబట్టి "పావగడలో ఏముందిరా" అనే మాట నా మాదిరి ఇంకెవరూ అనొద్దు. తాలూకా ఆస్పత్రికి పోవడం టైం వేస్ట్ కాదు. పెద్ద ఆస్పత్రికి దారి అక్కడినుంచే మొదలవుతుంది.

సంఘానికి నా మనవి ఇది. క్యాంపు పెడదాం, మంచిదే. కానీ క్యాంపు ఒక రోజు పని. అంతకంటే ముందు ఈ మూడు పనులు చేద్దాం.

ఒకటి. మన సంఘంనుంచి ఇద్దరం పావగడ, మధుగిరి ఆస్పత్రులకు పోయి పెద్ద డాక్టర్లను కలుద్దాం. రాత్రిపూట ఈసీజీ ఎవరు తీస్తారు, ఇంజెక్షన్ ఎక్కడ ఉంటుంది, లేకపోతే ఎక్కడికి పంపిస్తారు, అన్నీ అడిగి రాసుకుందాం. తెలుగులో, కన్నడంలో ఒక పేజీ చేసి ఊరూరా పాల డెయిరీ దగ్గర, గుడి దగ్గర, రేషన్ డిపో దగ్గర అంటిద్దాం. వైయన్ హొసకోట, నాగలమడికె వైపు ఊళ్ళు మొదట.

రెండు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. "ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చే మనిషి" అని ఒక పట్టీ తయారు చేద్దాం. పావగడ టౌనులో ముగ్గురు, మధుగిరిలో ఇద్దరు, తుమకూరులో ఇద్దరు, బెంగుళూరులో పీణ్య, లగ్గెరె, యశవంతపురం, మారతహళ్ళి, ఇట్లా ఏరియాకు ఇద్దరు. ఎవరికి నొప్పి వచ్చినా వాళ్ళు దగ్గరి ఆస్పత్రికి పోవాలి, మన మనిషి ఆ గేటు దగ్గరికి రావాలి. డాక్టరు కానక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు, కన్నడంలో మాట్లాడితే చాలు, ఇంటికి ఫోన్ చేస్తే చాలు. రూములో ఒంటరిగా ఉన్న క్యాషియర్‌కు కావలసింది అదే. అది దొరికితే ఆయన బస్సెక్కడు.

మూడు. మన వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందనే మెసేజ్ ఏడాదికి రెండుసార్లు తిరుగుతుంది. అది అబద్ధం. దాని బదులు ఈ ఐదు మాటలు తిప్పుదాం: ఎదలో బరువు కొన్ని నిమిషాలు దాటి ఉంటే 108కి ఫోన్ చేయండి. నడవనీయొద్దు, బైకు మీద కూర్చోబెట్టొద్దు. ఆస్పిరిన్ నమిలించాలా అని 108 వాళ్ళనే అడగండి, అందరికీ అది పడదు. నాలుక కింద పెట్టే మాత్ర డాక్టరు చెప్పకుండా పెట్టొద్దు, బీపీ పడిపోతుంది. మొదటి ఈసీజీ బాగుందన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి రావొద్దు, మళ్ళీ తీయమనండి.

బెంగుళూరులో, హైదరాబాదులో, అమెరికాలో స్థిరపడిన నాలాంటివాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా. అర్ధరాత్రి ఊరినుంచి ఫోన్ వస్తే మనం పెద్దమనుషులం అయిపోతాం. మనం చెప్పకుండా అక్కడ ఎవరూ కదలరు. అది వాళ్ళ ప్రేమ, మన గొప్ప కాదు. వాళ్ళు టెంపో సిద్ధం చేసుకుని అడుగుతున్నారంటే, దారి వాళ్ళకు తెలుసు. మనం చేయాల్సింది ఆ టెంపోను ఆపకుండా ఉండటం. "పోండి, నేను అక్కడికే వస్తాను" అనడం. మూడున్నర గంటలు ప్రయాణం చేయాల్సింది గట్టి గుండె ఉన్నవాడు, నొప్పి ఉన్నవాడు కాదు.

చివరిగా ఒక సంగతి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలుగు మాట్లాడటమే గానీ చదవటం రాదు. మనమూ బడిలో కన్నడం చదివినవాళ్ళమే. నేనైతే పెళ్ళయ్యాక, కళ్యాణదుర్గంనుంచి వచ్చిన మా ఆవిడ దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి ఇది షేర్ చేసి ఊరుకోవద్దు. మీ నాయనకు, అమ్మకు, అత్తకు, మామకు పక్కన కూర్చుని చదివి వినిపించండి. దూరంగా ఉంటే మీ గొంతుతో చెప్పి పంపించండి. మా తమ్ముడికి మొన్న రాత్రి నేనే మొదట చదివి వినిపించాను. డాక్టరు ఆ రోజు నాతో అన్న మాట ఏడేళ్ళకు పైగా దాచి, మొన్న చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ టెంపో వాడు ఇప్పటికీ మనూర్లోనే ఉండాడన్నా, వాని నంబరు కూడా ఆ పట్టీలో రాయి" అన్నాడు.

రాశాను. పట్టీలో మొదటి నంబరు అదే. రెండోది నాది, యశవంతపురం. రాత్రి రెండైనా, మూడైనా చేయండి. కానీ ఎక్కడికి పోవాలి అని అడగడానికి చేయొద్దు. ఎక్కడికి పోతున్నారో చెప్పడానికి చేయండి. నేను అక్కడికి వస్తాను.